బోర్బన్ స్ట్రీట్ చూసి న్యూ ఆర్లీన్స్ చూశామనొద్దు

లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు పక్క రాష్ట్రం లూయిసియానాలోని న్యూ ఆర్లీన్స్ గురించి అడుగుతారు. "న్యూ ఆర్లీన్స్ వెళ్దామనుకుంటున్నాం, పిల్లలతో బాగుంటుందా?" జవాబులు ఎప్పుడూ ఒకే రకంగా వస్తాయి. ఒక్క రోజు చాలండీ. బోర్బన్ స్ట్రీట్ అంతా మందు కంపు, పిల్లల్ని తీసుకెళ్ళకండి. బెన్యేలనే చక్కెర చల్లిన పిండివంటలు తిని, స్టీమ్‌బోట్ ఎక్కి, మొసళ్ళ టూర్ చేసుకుని వచ్చేయండి. మొన్న మెమోరియల్ డే ముందు ఒకాయన ఇంకా గట్టిగా చెప్పారు: "మురికి ఊరు. అంత దూరం దండగ. మన గాల్వెస్టన్ బీచే నయం." దాని కింద వరసగా బొటనవేళ్ళు.

ఆయన అబద్ధం చెప్పలేదు. శనివారం రాత్రి బోర్బన్ స్ట్రీట్‌లో నడిస్తే కనిపించేది అదే. ప్లాస్టిక్ గ్లాసుల్లో రంగురంగుల మందు, కాళ్ళకింద జిగట, ప్రతి గుమ్మంలోంచీ చెవులు పగిలే మైకులు, మెట్ల మీద కూలబడ్డ కుర్రాళ్ళు. నాకూ నచ్చదు. కానీ ఆ వీధి నడిచేదే బయటివాళ్ళ కోసం. అందులో అమ్మే సరుకు చూసి ఊరి మీద తీర్పు చెప్పేస్తే ఆ ఊరివాళ్ళకి అన్యాయం చేసినట్టే.

2020 లెక్కల ప్రకారం న్యూ ఆర్లీన్స్ జనాభా 3,84,000 కూడా లేదు. 2019లో ఆ ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు 1 కోటి 90 లక్షలకు పైనే. ఇంతమందిని లాక్కొచ్చేది ఆ మందు గ్లాసు అయితే, అది లాస్ వేగస్‌లోనూ దొరుకుతుంది. ఆ ఊరికి ఉన్న ఆకర్షణ అంతా అక్కడి పేటల్లో ఉండే నల్లజాతి కుటుంబాలు, నూట యాభై ఏళ్ళకు పైగా, తమ సొంత డబ్బుతో, తమ ఆదివారాల్లో తయారు చేసుకున్నది. అది చూడకుండా వచ్చినవాళ్ళు ఊరు చూడలేదు. చూడాలనుకునేవాళ్ళు కూడా ఎలా పడితే అలా వెళ్ళకూడదు. ఈ రెండో మాట దగ్గర నాకు సందేహాలు చాలా ఉన్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బోర్బన్ స్ట్రీట్ ఉన్న పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్ వద్దని నేను అనను. పొద్దున్నే, చెత్త బండ్లు వీధులు కడిగి వెళ్ళాక, రాయల్ స్ట్రీట్‌లో నడిస్తే ఆ ఇనుప అల్లికల బాల్కనీల కింద ఎంతసేపైనా తిరగొచ్చు. పేరుకు ఫ్రెంచ్ గానీ 1788లో ఒకసారి, 1794లో ఒకసారి ఊరు కాలిపోయాక తిరిగి కట్టింది స్పెయిన్ పాలనలోనే. జాజ్ కచేరీలు జరిగే ప్రిజర్వేషన్ హాల్‌లో బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని వినడం పిల్లలకి కూడా బాగుంటుంది. అక్కడ మందు అమ్మరు, కచేరీ గంట లోపే అయిపోతుంది. అయితే అదే క్వార్టర్‌లో, ఇప్పుడు పెద్ద హోటల్ ఉన్న చోట, సెయింట్ లూయిస్ హోటల్ అని ఒకటి ఉండేది. దాని గోపురం కింద మనుషుల్ని వేలం వేసేవాళ్ళు. అంతర్యుద్ధానికి ముందు దేశంలో అన్నిటికన్నా పెద్ద బానిసల అంగడి ఈ ఊరే. బాల్కనీల కింద ఫొటో దిగేటప్పుడు పిల్లలకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని మా ఇంట్లో చర్చ జరిగింది. చెప్పాం. మా అమ్మాయి అడిగిన ప్రశ్నలకి మా దగ్గర సగం జవాబులు కూడా లేవు, అయినా చెప్పడమే మంచిదయింది.

ఆదివారం మధ్యాహ్నం

సెకండ్ లైన్ అన్న మాట మన గ్రూపుల్లో కనిపించదు. కనిపించినా పెళ్ళి వీడియోల్లో గొడుగులు పట్టుకుని గెంతే ముచ్చటగానే కనిపిస్తుంది. అసలుది వేరు. ఆగస్టు చివరి నుంచి జూన్ దాకా దాదాపు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక పేటలో ఒక క్లబ్బు ఊరేగుతుంది. వాటిని సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్బులంటారు. పేరులోనే రెండు పనులూ ఉన్నాయి. నల్లవాళ్ళకి బీమా కంపెనీలు పాలసీ ఇవ్వని రోజుల్లో, ఆసుపత్రులు సరిగ్గా చూడని రోజుల్లో, నలుగురూ చందాలు వేసుకుని డాక్టరు ఖర్చు, మందుల ఖర్చు, చివరికి అంత్యక్రియల ఖర్చు భరించుకునే సంఘాలు ఉండేవి. సభ్యుడు చనిపోతే బ్యాండు మేళంతో సాగనంపడం కూడా ఆ సంఘం బాధ్యతే. ఆ సంఘాల వారసులే ఈ క్లబ్బులు. ఏడాదికి ఒక ఆదివారం ఒక్కో క్లబ్బుది.

ఆ రోజు సభ్యులంతా ఒకే రంగు సూట్లు, ఒకే రంగు బూట్లు, చేతుల్లో ఈకల విసనకర్రలు. వాళ్ళూ, వాళ్ళ బ్యాండూ మొదటి వరస. వెనకాల చేరే జనమే సెకండ్ లైన్. టికెట్ లేదు, బారికేడ్ లేదు, కుర్చీలు లేవు. నాలుగు గంటలపాటు నడక. మధ్యమధ్యలో ఒక బార్ ముందో, ఒక పెద్దాయన ఇంటి ముందో ఆగుతారు. పికప్ ట్రక్కుల వెనక డాలాలు దించి చల్లటి నీళ్ళు, బీరు, యాకమీన్ అనే నూడుల్స్ సూప్ అమ్ముతుంటారు. బ్యాండుకీ, పోలీసు బందోబస్తుకీ, బట్టలకీ అయ్యే వేల డాలర్లు క్లబ్బువాళ్ళ జేబుల్లోంచే వస్తాయి. బస్సు నడిపేవాళ్ళు, వంటవాళ్ళు, స్కూల్లో పనిచేసేవాళ్ళు ఏడాదంతా కూడబెట్టుకుని ఒక మధ్యాహ్నం ఊరికి ఉచితంగా ఇస్తారు. ప్రపంచంలో ఇలాంటి ఔదార్యం నేను ఎక్కువ చోట్ల చూడలేదు.

మా అమ్మ జనగామ దగ్గర పల్లెటూరి మనిషి. ఆర్నెల్లకి వీసా మీద వచ్చినప్పుడు సెంట్రల్ సిటీ పేటలో ఒక సెకండ్ లైన్‌కి తీసుకెళ్ళాం. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర మోత దూరం నుంచి వినపడుతుండగానే అడిగింది: "ఇది పెండ్లా, సావా బిడ్డా?" రెండూ కాదు, క్లబ్బు వార్షికోత్సవం అన్నాను. నమ్మలేదు. జనం దగ్గరికొచ్చాక అమ్మ మోకాళ్ళు చూసి, అరుగు మీద నిలబడ్డ ఒకావిడ లోపల్నుంచి మడత కుర్చీ తెచ్చి వేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఊరేగింపు ముందుకు పోయాక కూడా అమ్మ లేవలేదు, ఆవిడ పంపించలేదు. ఒక నీళ్ళ సీసా, అమ్మ సంచీలో ఉన్న చెగోడీలు చేతులు మారాయి.

కారులో తిరిగొస్తుంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మనూర్ల డప్పు లేకుంటే పీనుగ లేస్తుండెనా? గని ఆ డప్పు కొట్టెటోళ్ళను గడప దాటనియ్యకపోతుంటిమి."

గడప అవతల

అమ్మ ఆ మాట అనకపోతే ఈ వ్యాసం లేదు. చావు డప్పు తెలిసిన వాళ్ళెవరికైనా న్యూ ఆర్లీన్స్ జాజ్ అంత్యక్రియ వింతగా ఉండదు. శ్మశానం దాకా బరువైన, నెమ్మది పాటలు. శవానికి వీడ్కోలు చెప్పాక ఒక్కసారిగా దరువు మారి చిందులు. పోయినవాడి కోసం ఏడవడం, ఆడడం రెండూ ఒకే వీధిలో జరుగుతాయని మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి కూడా మనకి చెప్పక్కర్లేదు. దరువు కావాలి, దరువు వేసే మనిషి మాత్రం బయటే ఉండాలి. వాడల పేర్లు, కులాల పేర్లు తెలిసిన మనకి ఆ ఊరి చరిత్ర అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టకూడదు.

ఫ్రెంచ్ క్వార్టర్‌ని ఆనుకుని ఉన్న నల్లవాళ్ళ పాత పేట ట్రెమే. దాని అంచున కాంగో స్క్వేర్ ఉంది. చెట్లు, గులకరాళ్ళు పరిచిన వలయాలు, అంతే. బానిసలు ఆదివారాలు అక్కడ చేరి డ్రమ్ములు కొట్టి ఆడేవాళ్ళు, సరుకులు అమ్ముకునేవాళ్ళు. 1817లో నగర పాలకులు ఇంకెక్కడా గుమికూడకుండా ఆ ఒక్క చోటికే వాళ్ళని కట్టడి చేశారు. అమెరికాలో మిగతా చాలా చోట్ల డ్రమ్ము అంటేనే యజమానులు భయపడి ఆపించిన కాలం అది. ఇక్కడ ఆ దరువు ఆగకుండా సాగింది. బయటినుంచి వచ్చిన పెద్దమనుషులు అప్పుడు కూడా చుట్టూ నిలబడి చూసేవాళ్ళు. సందర్శకులం మనం మొదటివాళ్ళం కాము.

ఆ చోటు ఇప్పుడు జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టిన పార్కులో భాగం. ఆ పార్కు కోసం, దాని పక్కన అనుకున్న సాంస్కృతిక కేంద్రం కోసం ట్రెమేలో ఇళ్ళ వరసలకు వరసలు కూల్చేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతే చూడండి. 1901లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. 1949లో మార్డి గ్రా అనే కార్నివాల్ పండగ నాడు నల్లవాళ్ళ జూలూ క్లబ్బు ఆయన్ని రాజుగా కూర్చోబెట్టి ఊరేగించింది. 1956లో లూయిసియానా రాష్ట్రం, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే వేదిక ఎక్కకూడదని చట్టం చేస్తే, తన బ్యాండులో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఆయన సొంత ఊళ్ళో వాయించడం మానేశాడు. 1965 దాకా రాలేదు. ఈలోపు 1964లో ఆయన పుట్టిన ఇల్లు పడగొట్టారు, పోలీసు, కోర్టు భవనాల కోసం. ఇప్పుడు విమానం దిగితే ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే ఉంటుంది.

పార్కులో ఇంకో విగ్రహం ఉంది, దాని దగ్గర కాసేపు ఆగండి. ఆలిసన్ "టూటీ" మోంటానా. వృత్తికి కట్టడాల్లో ప్లాస్టరు కింద ఇనుప జాలీ అమర్చే పనివాడు. ప్రవృత్తికి ఎల్లో పోకహాంటస్ అనే మార్డి గ్రా ఇండియన్ బృందానికి, అంటే పండగకి అమెరికన్ ఆదివాసుల వేషం కట్టే నల్లవాళ్ళ బృందానికి, పెద్ద నాయకుడు. పారిపోయి వచ్చిన బానిసలకి ఆశ్రయమిచ్చిన ఆదివాసుల గౌరవార్థం ఈ వేషం కడతామని వాళ్ళు చెప్పుకుంటారు. పూసలు, ఈకలతో చేసే ఆ సూటు ఏడాది పొడుగునా చేత్తో కుట్టాల్సిందే, మళ్ళీ ఏడాదికి కొత్తది. టూటీ యాభై ఏళ్ళకు పైగా కుట్టాడు. ఒకప్పుడు ఈ బృందాలు ఎదురుపడితే కత్తులు లేచేవి. ఎవరు బలవంతులన్న పోటీని ఎవరి సూటు అందంగా ఉందన్న పోటీగా మార్చినవాడిగా ఆయన్ని తలుచుకుంటారు. 2005లో సెయింట్ జోసెఫ్ పండగ రాత్రి పోలీసులు ఇండియన్ బృందాలని చెదరగొట్టారు. జూన్ 27న దాని మీద నగర కౌన్సిల్ విచారణ జరిగింది. 82 ఏళ్ళ టూటీ మైకు ముందు నిలబడి, దశాబ్దాలుగా ఇది జరుగుతోందని చెబుతూ చెబుతూ కుప్పకూలి చనిపోయాడు. రెండు నెలలకి కత్రీనా తుపాను వచ్చింది.

కత్రీనా గురించి మనందరికీ తెలుసు. ఊళ్ళో 80 శాతం మునిగింది. దాని తర్వాత ఏం జరిగిందన్నది తక్కువమందికి తెలుసు. 2006లో ఒక పెరేడ్ తర్వాత కాల్పులు జరిగాయని ఊరేగింపుల పోలీసు ఫీజు మూడు రెట్లకు పైగా పెంచేశారు. ఇళ్ళు మునిగి, సగం మంది హ్యూస్టన్‌లో, అట్లాంటాలో తలదాచుకుంటున్న సమయమది. క్లబ్బులన్నీ కలిసి కోర్టుకు వెళ్ళి తగ్గించుకున్నాయి. 2007 అక్టోబరులో ట్రెమేలో ఒక ట్యూబా కళాకారుడు చనిపోతే, అతని కోసం వీధిలో పాట వాయిస్తున్న వాళ్ళ మధ్యకి పోలీసు కార్లు దూసుకొచ్చి ఇద్దరిని అరెస్టు చేశాయి. నేరం: అనుమతి లేని ఊరేగింపు, శాంతిభంగం. ఆ ఇద్దరిలో ఒకరు రీబర్త్ బ్రాస్ బ్యాండు డ్రమ్మరు డెరిక్ టాబ్. అదే ఏడాది ఆయనే బడి అయ్యాక పిల్లలకి ఉచితంగా వాద్యాలు నేర్పే రూట్స్ ఆఫ్ మ్యూజిక్ అనే సంస్థ మొదలుపెట్టారు. మార్డి గ్రా పెరేడ్లలో ఎర్ర టీషర్టులతో నడిచే ఆ పిల్లల బ్యాండు చూడకుండా రాకండి.

క్లెయిబోర్న్ వంతెన

హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద 350 మైళ్ళు నడిపి వెళ్ళేవాళ్ళం మనమంతా ట్రెమే మీదుగానే పోతాం, నిజంగానే దాని నెత్తి మీద కట్టిన వంతెన మీదుగా. కింద ఉన్నది నార్త్ క్లెయిబోర్న్ అవెన్యూ. అరవైల దాకా అది ఓక్ చెట్ల వరసల మధ్య పచ్చిక పరుచుకున్న వీధి. నల్లవాళ్ళ దుకాణాలు, బీమా ఆఫీసులు, మందుల షాపులు అటూ ఇటూ ఉండేవి. కెనాల్ స్ట్రీట్ పెరేడ్ల దగ్గరికి వాళ్ళని రానివ్వని కాలంలో వాళ్ళ మార్డి గ్రా ఆ చెట్ల కిందే జరిగేది. 1966లో చెట్లు నరికేశారు. స్తంభాలు లేచాయి.

అదే సమయంలో ఇంకో ఎక్స్‌ప్రెస్‌వే ఫ్రెంచ్ క్వార్టర్ ముందు నది ఒడ్డున రావాల్సి ఉంది. దాని మీద ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 1969లో కేంద్ర ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. క్వార్టర్‌లోని జాక్సన్ స్క్వేర్‌లో కూర్చుని నది వైపు చూస్తున్నప్పుడు ఆ గాలి మన ముఖానికి తగులుతోందంటే కారణం ఆ పోరాటమే. ఊరు ఒక పేటని కాపాడింది, దాన్ని మనకి పర్యాటక స్థలంగా చూపిస్తోంది. మైలు దూరం లేని రెండో పేట నెత్తిన కాంక్రీటు వేసింది. మనం చూడాల్సినవాటి జాబితాలో ఏది ఉందో ఏది లేదో అక్కడే తేలిపోయింది.

ఆ వంతెన కింద స్తంభాల మీద కళాకారులు ఓక్ చెట్ల బొమ్మలు, ఆ పేట మనుషుల బొమ్మలు వేశారు. ఆదివారం సెకండ్ లైన్ ఆ కిందకి వస్తే ట్రంపెట్ల మోత కాంక్రీటుకి కొట్టుకుని రెట్టింపవుతుంది, జనం ఒక్కసారి ఎగురుతారు. వంతెన తీసేయాలని కొందరు ఎప్పటినుంచో అడుగుతున్నారు. తీసేస్తే భూముల ధరలు పెరిగి మిగిలిన కొద్దిమంది కూడా వెళ్ళిపోవాల్సి వస్తుందని అదే పేటవాళ్ళు కొందరు భయపడుతున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. పై నుంచి కారులో దూసుకుపోయే నాకు ఇందులో ఓటు లేదు, ఉండకూడదు కూడా.

మనం వెళ్తే పాడవదా?

ఇది నన్ను నిజంగా వేధించే ప్రశ్న. పేటవాళ్ళ పండగలోకి కెమెరాలతో మనం వందల మందిమి దిగితే అది ఇంకో బోర్బన్ స్ట్రీట్ అయిపోదా? ఇప్పటికే కొన్ని ఊరేగింపుల్లో క్లబ్బు సభ్యుల కన్నా ఫొటోలు తీసేవాళ్ళే ముందు నడుస్తున్నారు. ఇండియన్ సూట్ల ఫొటోలు పోస్టర్లుగా, క్యాలెండర్లుగా అమ్ముడుపోతుంటే కుట్టినవాళ్ళకి పైసా రాకపోవడంతో, కొందరు నాయకులు తమ సూట్లని శిల్పాలుగా కాపీరైట్ చేయించుకున్నారు. అంత దూరం వెళ్ళాల్సి వచ్చిందంటే చూసేవాళ్ళు ఎలా ప్రవర్తించారో ఊహించుకోవచ్చు.

అయినా వెళ్ళాలనే అంటాను. సెకండ్ లైన్ అన్న దాంట్లోనే వెనక వచ్చే జనానికి చోటు ఉంది. వచ్చి నడిచేవాళ్ళని వాళ్ళు కాదనరు. అడ్డం నిలబడి చూసేవాళ్ళతోనే ఇబ్బంది. క్లబ్బువాళ్ళ చుట్టూ పట్టుకునే తాళ్ళ లోపలికి వెళ్ళకూడదు, డ్యాన్సర్ల ముందుకి ఫోన్ చాపకూడదు, ఎవరి గుమ్మం ముందైనా అడక్కుండా కూర్చోకూడదు. నోట్లు దగ్గర ఉంచుకుని నీళ్ళూ తిండీ అక్కడి ట్రక్కుల దగ్గరే కొనాలి. అంత్యక్రియ అయితే మాత్రం, కుటుంబానికి తెలిసినవాళ్ళు కాకపోతే, దూరంగా నిలబడి దాటిపోయేదాకా తల వంచుకోవడమే. జాజ్ ఫ్యూనరల్ చూడాలని ట్రిప్పు ప్లాన్ చేసుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఎవరో చనిపోవాలి కదా దానికి.

బయటివాళ్ళ కోసం డబ్బులకి వాయించేది అసలుది కాదు అనే వాదన కూడా నేను ఒప్పుకోను. వాద్యకారులకి అద్దె కట్టడానికి ఆ పెళ్ళి ఊరేగింపులే దిక్కు. మాకు తెలిసిన తెలుగువాళ్ళ పెళ్ళి అక్కడ జరిగింది. బరాత్‌కి బ్రాస్ బ్యాండు పెట్టారు, అమ్మలక్కలందరూ చీర కొంగులు దోపుకుని ఆడారు, చాలా బాగుంది. భోజనాల దగ్గర మాత్రం బ్యాండువాళ్ళకి డబ్బాలు కట్టి వెనక కారిడార్‌లో ఇచ్చారు. నాకు ముద్ద దిగలేదు. తర్వాత ఆ స్నేహితురాలితో అంటే, "ఫొటోగ్రాఫర్‌కీ డబ్బానే ఇచ్చాం, మేకప్ అమ్మాయికీ డబ్బానే. నువ్వు కులం తీసుకొచ్చి దీనికి అంటగట్టకు" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. మా వాళ్ళ ఉద్దేశంలో చెడు లేదని నాకు తెలుసు. కానీ ఫొటోగ్రాఫర్ వెనక ఎవరూ ఆడలేదు. ఆ రోజంతా మనల్ని ఆడించినవాళ్ళకి ఒక టేబుల్ వేస్తే పోయేదేముంది అన్న ప్రశ్న నాకు ఇంకా అలాగే ఉంది.

ఇక భద్రత. "ఆ పేటలకా? ఫ్యామిలీతోనా?" అని అడుగుతారు. భయం ఊరికే రాలేదు. 2013లో మదర్స్ డే నాటి సెకండ్ లైన్‌లో కాల్పులు జరిగి పందొమ్మిది మందికి పైగా గాయపడ్డారు. ఆ సంగతి దాచి వెళ్ళమనడం తప్పు. అదే సమయంలో, 2025 జనవరి 1 తెల్లవారుజామున ట్రక్కు జనం మీదకి దూసుకెళ్ళి 14 మంది చనిపోయింది బోర్బన్ స్ట్రీట్‌లో, అందరూ సేఫ్ అనుకునే చోట. పగటిపూట వెళ్ళండి, ఊరేగింపు మొదలైన మొదటి గంటలో ఉండండి, సాయంత్రం కాకముందే బయటపడండి, తోసుకోవడం కనిపిస్తే పక్క సందులోకి తప్పుకోండి. మేం అలాగే చేస్తాం. చిన్నపిల్లలకి నాలుగు గంటల నడక ఎలాగూ సాధ్యం కాదు. ఏ ఆదివారం ఎక్కడ మొదలవుతుందో, ఏ వీధుల్లో తిరుగుతుందో డబ్ల్యూడబ్ల్యూఓజీ (WWOZ) అనే కమ్యూనిటీ రేడియో ముందుగా ప్రకటిస్తుంది.

తిండి, ఇల్లు

శాకాహారులకి ఈ ఊరు కష్టమే, దాచను. గంబో అనే చిక్కటి పులుసులో బెండకాయ ఉంటుందని ఆశపడితే దాని పక్కనే రొయ్యా, సాసేజీ ఉంటాయి. సోమవారం నాడు ఇంటింటా వండే రెడ్ బీన్స్ అన్నంలో కూడా పంది మాంసం పడుతుంది, అడిగి తెలుసుకోవాలి. మాంసం తినేవాళ్ళు మాత్రం ట్రెమేలో డూకీ చేజ్ రెస్టారెంటుకి వెళ్ళాలి. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక టేబుల్ దగ్గర కూర్చోవడం చట్టవిరుద్ధమైన రోజుల్లో, దాన్ని నడిపిన లియా చేజ్ పై అంతస్తు గదిలో పౌరహక్కుల ఉద్యమ నాయకులకి గంబో వడ్డించింది. 2019లో 96వ ఏట పోయేదాకా వంటగది వదల్లేదు. ఎక్కడైనా కాలాస్ కనిపిస్తే, గుడ్డు తినే అమ్మానాన్నలైతే వాళ్ళకి కూడా పెట్టొచ్చు. అన్నం, గుడ్డు కలిపిన పిండిని నూనెలో వేయించి చక్కెర చల్లుతారు. బానిస స్త్రీలు నెత్తిన బుట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్మేవాళ్ళు. స్పానిష్ పాలనలో బానిసలు తమ వెల చెల్లించి స్వేచ్ఛ కొనుక్కునే వీలుండేది. అలా కాలాస్ అమ్మిన డబ్బుతో బయటపడ్డవాళ్ళు ఉన్నారు.

తిండి కష్టం వల్లే మనవాళ్ళు ఇళ్ళు అద్దెకి తీసుకుంటారు. రెండు మూడు కుటుంబాలు, ఒక కుక్కర్, ఒక బియ్యం సంచి, ఎయిర్‌బీఎన్‌బీలో నాలుగు బెడ్‌రూముల ఇల్లు. ట్రెమేలోనో, మారిన్యీలోనో, ఫ్రెంచ్ క్వార్టర్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. నాకు అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం ఇక్కడే. ఆ ఇల్లు ఒకప్పుడు క్లబ్బులో తిరిగిన కుటుంబానిదో, ట్రాంబోన్ వాయించే కుర్రాడి నానమ్మదో అయి ఉండొచ్చు. అలాంటి ఇళ్ళు ఒక్కొక్కటీ సూట్‌కేసుల ఇళ్ళయిపోతే, పక్కింటి పిల్లాడు ప్రాక్టీసు చేసే చప్పుడుకి ఫిర్యాదు చేసేవాళ్ళే మిగులుతారు. ఇంటి యజమాని అక్కడే ఉండాలని నగరం 2019లో నిబంధన పెడితే 2022లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. 2023లో బ్లాక్‌కి ఇలాంటి అద్దె ఇల్లు ఒకటే అని కొత్త నిబంధన తెచ్చారు. చట్టం ఎటు తేలినా, ఎక్కడ పడుకోవాలన్నది మన చేతిలో పని.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, మా ఇంట్లోనే వింటాను. మా ఆయన అంటారు: "ఇల్లు అమ్ముకున్నవాళ్ళు ఇష్టపడే అమ్ముకున్నారు. మనం మానేస్తే ఇంకొకరు దిగుతారు. హోటల్ డబ్బులు మాత్రం ఆ పేటకి పోతున్నాయా, ఎక్కడో ఉన్న కంపెనీకి కదా." హోటల్ డబ్బు గురించి ఆయన అన్నది కాదనలేను. కానీ హోటల్ గది ఎవరి ఇల్లూ కాదు. అక్కడ నేను పడుకుంటే ఎవరూ ఊరు వదలక్కర్లేదు. ఆ తేడా నాకు చాలు. పెద్దవాళ్ళకి వంట కావాలంటే చిన్న కిచెన్ ఉన్న హోటల్ గదులు కెనాల్ స్ట్రీట్ అవతల బిజినెస్ డిస్ట్రిక్ట్‌లో దొరుకుతాయి. అక్కడినుంచి స్ట్రీట్‌కార్ ఎక్కితే క్వార్టర్‌కి వెళ్ళడం కష్టం కాదు.

ఈ నెల మా స్నేహితురాలు థాంక్స్‌గివింగ్ కోసం ట్రెమేలో ఒక ఇల్లు చూసి లింకు పంపింది, అభిప్రాయం చెప్పమని. ఇదంతా చెప్పాను. ఫోన్‌లో గంట వాదించుకున్నాం. వాళ్ళ అత్తగారికి మడి, బయట నీళ్ళు కూడా తాగరు, ఒక్క గదిలో ఆ వంట ఎలా అన్నది ఆమె ఇబ్బంది, అది చిన్నదేమీ కాదు. చివరికి అత్తగారినే అడిగారట. "రెండు రోజులు పళ్ళూ, పాలూ, అటుకులూ చాలమ్మా, ఒకరి కొంప నాకెందుకు" అన్నారట ఆవిడ. హోటల్లో రెండు గదులు బుక్ చేశారు. ఆ ఆదివారం ఊరేగింపు ఏ పేటలోనో రేడియోవాళ్ళు ఇంకా ప్రకటించలేదు.